మందిరంలో బ్యాటరీ ఎవరి బాధ్యత?



పర్లాఖెముండి, గుణుపూర్, రాయగడ వైపు ఊళ్లలో మందిరం మీద సోలార్ పలకలు పెట్టుకున్న మన తెలుగు సంఘాలతో ఈ పూట మాట్లాడాలనుకున్నాం. ప్రతిష్ఠ రోజున అందరం పలక పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటాం. బ్యాటరీ మాత్రం చాపల వెనక ఉంటుంది. పలక ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తుంది. బ్యాటరీని పట్టించుకోకపోతే రెండేళ్లకే పోతుంది.

కారణం చిన్నది. లోపల సీసం పలకలు, గంధకామ్లం ఉంటాయి. కరెంటు వాడుకున్నకొద్దీ పలకల మీద సీసం సల్ఫేటు పేరుకుంటుంది. చార్జింగ్ ఎక్కితే అది కరిగిపోతుంది. రోజుల తరబడి ఖాళీగా వదిలేస్తే గట్టిపడి, ఇక కరగదు. అంటే బ్యాటరీని ఎక్కువగా చంపేది వాడకం కాదు, ఖాళీ చేసి వదిలేయడం.

12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉంటాయి. అందులో సగం, 900 మాత్రమే మనవి అనుకోవాలి. 9 వాట్ల బల్బులు నాలుగు, ఐదు గంటలు వెలిగితే అయ్యేది 180. వంద వాట్ల సౌండ్ బాక్సు అయిదు గంటలు మోగితే 500. శనివారం రాత్రి కూడికలో కంట్రోలర్ లోడు ఆపేస్తే, మన తమ్ముళ్లు వైర్లు నేరుగా బ్యాటరీకి తగిలిస్తారు. పాట ఆగకూడదని వాళ్ల ఆరాటం, మాకూ తెలుసు. కానీ ఆ కట్ ఉన్నదే బ్యాటరీని కాపాడటానికి. శ్రావణమాసం ముసురులో ఆ లోటు వారమైనా తీరదు. ఆ వారమంతా మందిరంలో చదువుకునే పదో తరగతి పిల్లలు చీకట్లో కూర్చోవాలి. పదిమంది కన్యకల ఉపమానం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం, నూనె లెక్క మాత్రం ఎవరం వేయం!

పొద్దున్నే, ఎండ తగలకముందు, లోడు ఆపి మీటరుతో చూడండి. 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే, ఆ రోజు సౌండ్ బాక్సు వద్దు. నెలకోసారి నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటరే పోయాలి. బావినీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. నిండా చార్జయ్యాక పోయాలి. పలకలు బయటపడి ఉంటే మాత్రం ముందే అవి మునిగేంత పోసి చార్జి పెట్టాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది, అది మండుతుంది. కాబట్టి దగ్గర కొవ్వొత్తి పెట్టకూడదు, కిటికీ తెరిచి ఉంచాలి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి.

ఈ పనంతా మందిరం ఊడ్చే ముసలాయన మీదే వేస్తున్నాం. అది న్యాయం కాదు. యువజనులలో ఇద్దరికి, అందులో ఒక అమ్మాయికి, మీటరు, నోటుపుస్తకం ఇవ్వండి. కొత్త బ్యాటరీ కోసం నెలనెలా కొంత పక్కన పెట్టండి.

పాతది పోయాక తూకానికి అమ్మేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. ఎక్కడో పేదవాడి పెరట్లో పగులగొట్టి, యాసిడ్ కాలువలో పారబోసి, సీసం కరిగిస్తారు. ఆ పొగ, ఆ ధూళి పసిపిల్లల మెదడును దెబ్బతీస్తాయి. సీసం ఇంతవరకైతే ఫర్వాలేదు అనే మోతాదే లేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించి రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత తయారీదారులది. రెండొందలు ఎక్కువొస్తాయని పాతసామాన్ల బండికి వేయకుండా, కొత్తది కొనేచోటే పాతది అప్పజెప్పి, రశీదు తీసుకుని సంఘం లెక్కల పుస్తకంలో అంటించండి.