నల్లమేక మందలో విత్తనపు పోతు



షోలాపూరు, లాతూరు, నాందేడు, బీదరు వైపు ఉన్న మన తెలుగువారికి నల్లమేకను పరిచయం చేయనక్కరలేదు. ఉస్మానాబాదీ జాతి అని పుస్తకాల్లో రాసేది దీన్నే. 2023లో ఆ జిల్లా పేరు ధారాశివ్ అయింది గాని, సంతలో మేక పేరు మాత్రం మారలేదు. ఒళ్లు ఎక్కువగా నలుపు, వేలాడే చెవులు. పోతులకు చాలావరకు కొమ్ములుంటాయి, ఆడమేకల్లో బోడివి కూడా కనిపిస్తాయి. ఎదిగిన మేక సుమారు 30 కిలోలు తూగుతుంది. ఎండకు ఓర్చుకుంటుంది, తుమ్మకాయ, రేగాకు, కంది పొట్టు, ఏది దొరికితే అది తిని ఒళ్లు చేస్తుంది. కవలలు ఈనడం దీనికి మామూలు.

ఇంత మంచి జాతి ఉన్నా కొందరి మందలు ఏడాదికేడాది చిన్నబోతున్నాయి. పిల్ల కిందటేటి పిల్లంత ఎదగదు. మేత తగ్గిందనుకుంటాం. అదీ కొంత నిజమే. కానీ మీ మందలో పోతు ఎక్కడిదో ఒకసారి గుర్తు చేసుకోండి. బక్రీదుకో జాతరకో బేరగాడు వస్తాడు. మందలోకెల్లా ఏపుగా ఉన్న పోతుపిల్ల మీదే చెయ్యి వేస్తాడు. చేతిలో డబ్బు పడుతుంది, ఇచ్చేస్తాం. ఎవరూ అడగని బక్కపిల్ల మిగులుతుంది. మరుసటి ఏడు మీ మేకలన్నిటినీ దాటేది అదే.

లెక్క చూడండి. మంచి ఆడమేక ఈతకు రెండు పిల్లలనిస్తే, దాని గుణం ఆ రెండింటికే వస్తుంది. ఇరవై మేకలకు ఒక పోతు ఉంటే, ఆ ఈతలో పుట్టే ముప్పై పిల్లలకూ అదే తండ్రి. పండక్కి ఒక పిల్ల మీద వచ్చే నాలుగు డబ్బుల కోసం ముప్పై పిల్లల ఎదుగుదలను అమ్ముకుంటున్నామన్నమాట.

"మాకున్నవే నాలుగైదు మేకలు, పోతును కూర్చోబెట్టి మేపేదెలా?" అని అక్కచెల్లెళ్లు అడుగుతారు. న్యాయమైన మాటే. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒక్క పోతును ఉంచుకోండి. మేత వంతులవారీగా పెట్టండి. ఒక్కరి మీదా బరువు పడదు.

ఏ పిల్లను ఉంచాలి? కవలల్లో పుట్టినదై ఉండాలి. దాని తల్లి ఇద్దరు పిల్లలకూ చాలినన్ని పాలిచ్చినదై ఉండాలి. కాళ్లు నిటారుగా, వృషణాలు రెండూ సమానంగా ఉన్నాయేమో చేత్తో తడిమి చూసుకోండి. రంగు చూసి మోసపోవద్దు. రెండేళ్లు కాగానే ఆ పోతును పక్క ఊరి మందతో మార్చుకోండి, లేకుంటే తన కూతుళ్లనే దాటి పిల్లలు నీరసిస్తాయి. మిగతా పోతుపిల్లలను మూడు నాలుగు నెలలకే తల్లుల నుంచి వేరుచేయండి, లేదా పశువైద్యుడి చేత విత్తులు కొట్టించండి.

పెద్ద జాతి పోతును దూరం నుంచి తెస్తే పిల్లలు పెద్దవవుతాయని కొందరి ఆశ. కావచ్చు. అయితే వాటికి కావలసిన మేత, నీడ మీ ఇంట ఉన్నాయా అన్నది ముందు చూసుకోవాలి. మన ఎండల్లో తిరిగి మేసే మేకకు మన జాతి పోతే మేలని నా అభిప్రాయం.

మొండిజాతి కదా అని మందు మానకూడదు. పారుడు రోగం ముందు మొండిజాతి, మెత్తనిజాతి అని ఉండదు. నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒక్కసారి టీకా వేయిస్తే మూడేళ్లు కాపాడుతుంది. చిటుక రోగానికి మాత్రం ఏటా తొలకరికి ముందే వేయించాలి. మొదటిసారైతే రెండు మూడు వారాలకు మరో మోతాదు తప్పనిసరి. పేడ పరీక్ష చేయించి నట్టల మందు తాగించండి. పుట్టిన పిల్లకు మొదటి గంటలోనే జున్నుపాలు పట్టాలి. తల్లి చూలు అయిదు నెలలు కాబట్టి, దాటించిన రోజు గోడమీద గీసుకుంటే ఈనే రోజుకు మీరు ఇంటిపట్టున ఉండవచ్చు.

ఇక అమ్మకం. చూపు అంచనా మీద బేరం ఎప్పుడూ బేరగాడికే లాభం. ఊళ్లో ఒక వేలాడే కాటా ఉంటే చాలు, తూచి ధర చెప్పండి. తూచే ముందు విత్తనానికి అనుకున్న పిల్లను వేరే గుంజకు కట్టేయండి, బేరగాడి కంట పడకుండా.