ఆగిపోయిన ప్రయత్నానికి దైవప్రవక్త (స) చూపిన మార్గం

సమస్త ప్రశంసలు అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే స్తుతిస్తున్నాం, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాం. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



మన మస్జిద్ వరుసల్లో క్రమంగా కనిపించకుండా పోతున్న కొందరు యువకులను గురించి ఈ జుమా నాడు మాట్లాడుకుందాం. వారు నమాజు పట్ల అయిష్టతతో దూరమైనవారు కారు. నమాజు ముగిశాక మెట్ల దగ్గర మనం వేసే ప్రశ్నకు జంకి దూరమైనవారు. "ఉద్యోగం వచ్చిందా?" అన్నదే ఆ ప్రశ్న.

తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. ఆ ఏడాది అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో తిరిగి జరిగిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రకటన వచ్చేనాటికి దాదాపు రెండేళ్లు గడిచిపోయాయి. రాత్రింబవళ్లు చదివిన అభ్యర్థుల తప్పు ఇందులో ఏమీ లేదు. అయినా కాలం ఖర్చయినది వారిదే. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు చేతిలోని పుస్తకం మూతపడుతుంది, మనసు మూగబోతుంది.

సహీహ్ ముస్లింలోని ఒక ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) మనకు మూడు విషయాలు బోధించారు. మేలు చేకూర్చే దానికోసం పాటుపడాలి, అల్లాహ్ సహాయం అర్థించాలి, అశక్తులమై కూలబడరాదు. ఆపద ఎదురైనప్పుడు "అలా చేసి ఉంటే బాగుండేది" అని కుమిలిపోవడాన్ని వారు వారించారు. ఆ మాట షైతానుకు తలుపు తెరుస్తుందని హెచ్చరించారు. గతాన్ని అల్లాహ్ నిర్ణయానికి అప్పగించినవాడే నేటి పనిని చేతిలోకి తీసుకోగలడు.

అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సునన్ అబూ దావూద్‌లో ఉంది. అన్సారులలో ఒకరు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సహాయం అడిగారు. ఇంట్లో ఏమైనా ఉందా అని వారు విచారించారు. కొంత కప్పుకుని, కొంత పరచుకునే ఒక దుప్పటి, నీరు తాగే ఒక పాత్ర ఉన్నాయని ఆయన చెప్పారు. దైవప్రవక్త (స) వాటిని తెప్పించి, స్వయంగా చేతపట్టుకుని సభలో వేలం వేశారు. ఒకరు ఒక దిర్హము ఇస్తామన్నారు, మరొకరు రెండు దిర్హములకు కొన్నారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, రెండవ దానితో గొడ్డలి కొనమని వారు ఆదేశించారు. ఆ గొడ్డలికి తమ స్వహస్తాలతో పిడి బిగించి ఇచ్చారు. కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజులపాటు తమకు కనిపించవద్దని చెప్పారు. గడువు ముగిశాక ఆయన పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చారు.

సోదరులారా! ఈ సంఘటనలో ఒక్కొక్క అడుగును గమనించండి. మొదటి ప్రశ్న లేనిదాని గురించి కాదు, ఉన్నదాని గురించి. పరీక్ష రద్దయినా చదివిన చదువు రద్దు కాలేదు. ఆ చదువుతో పిల్లలకు పాఠం చెప్పవచ్చు, మరొక పరీక్ష రాయవచ్చు, మరొక వృత్తిలో ప్రవేశించవచ్చు. తొలి దిర్హము ఇంటి ఆకలికి వెళ్లింది. కాబట్టి లక్ష్యం పెద్దదైనా ఇంటి అవసరానికి చిన్న పని చేపట్టడం చిన్నతనం కాదు. హజ్రత్ దావూద్ (అలై) అంతటి ప్రవక్త కూడా తమ చేతి కష్టంతోనే జీవించారు. రెండవ దిర్హము పనిముట్టుగా మారింది. మన రోజులోనూ ఒక భాగం రేపటి నైపుణ్యం కోసం ప్రత్యేకంగా ఉండాలి. ఫజ్ర్ తర్వాత ఒక గంట అయినా సరే, విడవకుండా సాగాలి. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ప్రీతికరమైనదని దైవప్రవక్త (స) తెలిపారు. ఇక ఆ పదిహేను రోజుల గడువు! ఎప్పటికో కాదు, రెండు వారాలకు ఒక పని నిర్ణయించుకుని, ముగిశాక లెక్క చూసుకోవాలి. ఆగిన బండి ఒక్కసారిగా పరుగందుకోదు, ముందు కదలాలి.

ఇక మన బాధ్యత. ఆ సభలో రెండు దిర్హములిచ్చి కొన్నవారు ఒకరున్నారు. పిడి బిగించిన పవిత్ర హస్తాలు ఉన్నాయి. మన బస్తీలో ఆ స్థానం ఎవరిది? దుకాణదారుడు ఒకరికి పని ఇవ్వగలడు. ఉద్యోగి ఒకరికి దరఖాస్తు నింపడం నేర్పగలడు. మస్జిద్ కమిటీ ఒక గదిని చదువుకునేవారికి తెరవగలదు. తల్లిదండ్రులు పొరుగింటి పిల్లలతో పోల్చడం మానగలరు. కనీసం మెట్ల దగ్గర మన ప్రశ్నను మార్చుకోగలం. "ఉద్యోగం వచ్చిందా?" అని కాక, "మేము చేయగలిగింది ఏమైనా ఉందా?" అని అడుగుదాం. వచ్చే జుమాకు ముందే, వరుసల్లో కనిపించని ఒక్క యువకుని ఇంటికైనా వెళ్లి పలకరిద్దాం.

ఓ అల్లాహ్! ఆగిపోయిన మా బిడ్డల అడుగులకు బలాన్ని, వారి ప్రయత్నంలో శుభాన్ని ప్రసాదించు. వారికి హలాల్ ఉపాధి ద్వారాలు తెరువు. వారి భుజం తట్టే సద్బుద్ధిని మాకు అనుగ్రహించు. ఆమీన్.