కంప్యూటరు డ్రాయింగు: గీతను ఎంచుకునే విద్య



హోసూరులో గాని, బళ్ళారిలో గాని, రాయగడలో గాని మన తెలుగు ఇళ్లలో ఐ.టి.ఐ. డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివే పిల్లలున్నారు. ఒకప్పుడు ఈ పనికి డ్రాయింగు బోర్డు, టీ స్క్వేరు, ట్రేసింగు కాగితం కావలసి వచ్చేవి. ఇప్పుడు వాటి పని చాలావరకు కంప్యూటరుదే. కంప్యూటరు మీద గీత గీయడం త్వరగానే వస్తుంది. గీసిన వందల గీతల్లోంచి కావలసినదాన్నే పట్టుకోవడం మాత్రం నిదానంగా అబ్బే విద్య. ఈ రోజు దాన్ని గురించి చెప్పుకుందాం.

కాగితం మీద గీత చెరపాలంటే కన్ను చూసిన చోటికే చెయ్యి పోతుంది. ఇంకు గీతనైతే బ్లేడుతో గీకేవారు. పక్క గీతకు దెబ్బ తగిలితే వెంటనే కనిపించేది. కంప్యూటరుకు మన కన్ను ఎటు చూస్తున్నదో తెలియదు. చెరపమంటే, దేన్ని చెరపాలని అడుగుతుంది. ఆ ప్రశ్నకు మనమిచ్చే జవాబే సెలక్షన్. మన జవాబు తనకు ఎలా అర్థమైందో అది తిరిగి చూపించడమే హైలైట్.

ఈ సంభాషణ పాతదే. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ అనే ఆయన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము తయారుచేశారు. అందులో లైట్ పెన్ అనే కలాన్ని తెరకు ఆనించి గీతలు గీసేవారు, గీసినవాటిని చూపించేవారు. 1982 డిసెంబరులో ఆటోడెస్క్ కంపెనీ ఆటోక్యాడ్‌ను విడుదల చేసింది. మన వైపు చాలామంది నేర్చుకునేది అదే కనుక ఉదాహరణలు అందులోంచే చెబుతాను.

ఒక్క గీత కావాలంటే మౌస్‌తో దాని మీద నొక్కితే చాలు. పాత వెర్షన్లలో ఎంచుకున్న గీత చుక్కచుక్కలుగా మారేది. ఆటోక్యాడ్ 2015 నుంచి లావెక్కి, మెరుస్తూ కనిపిస్తోంది. ఆటోక్యాడ్ 2006 నుంచి మరో సౌకర్యం వచ్చింది. నొక్కకముందే, మౌస్ దాని మీదికి వెళ్లగానే గీత వెలిగి, నువ్వు పట్టుకోబోయేది నన్నే అని చెబుతుంది.

గీతలు ఎక్కువైతే వాటి చుట్టూ ఒక గడి గీస్తాం. అసలు మెలిక ఇక్కడుంది. పొలం గట్టు మీద చెట్టు ఉందనుకోండి. అది ఏ పొలం లెక్కలోకి వస్తుంది? గట్టు తగాదాలు చూసిన మనకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఆటోక్యాడ్ దీనికి రెండు పద్ధతులు పెట్టింది. ఎడమ నుంచి కుడికి గడి గీస్తే, పూర్తిగా గడి లోపల ఉన్నవే లెక్కలోకి వస్తాయి. గట్టు మీదివి రావు. దీన్ని విండో అంటారు. కుడి నుంచి ఎడమకు గీస్తే, లోపలివాటితోపాటు గట్టును తాకినవీ వస్తాయి. దీన్ని క్రాసింగ్ అంటారు. కొత్త వెర్షన్లలో మామూలుగా మొదటి గడి నీలంగా, రెండోది ఆకుపచ్చగా, చుక్కల అంచుతో కనిపిస్తుంది.

దీనివల్ల వచ్చే నష్టం చూడండి. ఇంటి ప్లానులో ఒక గోడను అడుగు దూరం జరపాలి. ఎడమ నుంచి గడి గీశారు. గోడ వచ్చింది. గడి దాటి బయటికి పోయిన దూలం గీత రాలేదు. హైలైట్ చూడకుండా ఎంటర్ నొక్కితే గోడ జరుగుతుంది, దూలం పాత చోటే ఉంటుంది. తెర మీద అది చిన్న తేడా. ఆ కాగితం పట్టుకుని ఇనుము కట్టే మేస్త్రికి అది చిన్నది కాదు.

ఎక్కువ పట్టుకున్నా ఉపాయముంది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి, అక్కరలేని గీత మీద నొక్కితే అది జాబితాలోంచి తప్పుకుంటుంది. మొదటినుంచీ మళ్లీ ఎంచుకోనక్కరలేదు.

కింద కమాండ్ వరుసలో ఎన్ని దొరికాయో అంకె వస్తుంది. ఇంగ్లీషుకు జంకే తెలుగు మీడియం పిల్లలు కూడా ఆ అంకె చదవగలరు. ఒక గీతను పట్టుకోవడానికి గడి గీస్తే మూడు దొరికాయని వచ్చిందా? గీత మీద గీత పడి ఉందేమో చూడండి. కంటికి ఒకటే. లేజరు కోత యంత్రానికి ఆ ఫైలు అలాగే వెళితే ఒకే చోట రెండుసార్లు కోసే ప్రమాదముంది. ఓవర్‌కిల్ అనే కమాండ్ ఇలాంటి జంట గీతలను తీసేస్తుంది.

కనిపించనివాటితో మరింత జాగ్రత్త కావాలి. కరెంటు వైర్ల లేయరును ఆఫ్ చేశారనుకోండి. అది తెర మీద లేదు. కాని ఎరేజ్ కమాండ్ ఇచ్చి ఆల్ అని టైపు చేస్తే ఆ వైర్లు కూడా పోతాయి. అదే లేయరును ఫ్రీజ్ చేసినా, లాక్ చేసినా అవి భద్రం. వెంటనే గమనిస్తే అన్‌డూ కాపాడుతుంది. ఫైలు సేవ్ చేసి, మూసి ఇంటికి వెళ్లాక గమనిస్తే అన్‌డూ ఉండదు.

కొందరి కంప్యూటరులో ఎంచుకున్నా గీత వెలగదు. యంత్రం చెడిందని కంగారుపడవద్దు. ముందుగా హైలైట్ అనే సెట్టింగును చూడండి. దాని విలువ సున్నా అయి ఉంటే, పేరు టైపు చేసి ఒకటి ఇవ్వండి. చీకట్లో చెట్టు నరకడం కన్నా దీపం వెలిగించుకోవడం మంచిది కదా.

నేర్చుకునే పిల్లలకు ఒక్క అలవాటు చెబుతాను. ఎంచుకోండి, వెలిగిన గీతలు చూడండి, అంకె చదవండి, అప్పుడు ఎంటర్ నొక్కండి. దీనికి రెండు క్షణాలు పడుతుంది. వేగంగా గీసేవారు చాలామంది దొరుకుతారు. ఎవరి డ్రాయింగును మళ్లీ సరిచూడనక్కరలేదో, పని వారిని వెతుక్కుంటూ వస్తుంది.