మౌనానికీ మాట తెగడానికీ తేడా

ఇంటర్నెట్ ఫోన్‌లో మన మాట సాధారణంగా సెకనుకు 50 ఆర్‌టీపీ ప్యాకెట్లుగా వెళుతుంది. ఒక్కోదానిలో 20 మిల్లీసెకన్ల ధ్వని. ప్రతి ప్యాకెట్ మీదా వరుస సంఖ్య, టైమ్‌స్టాంప్ ఉంటాయి. మా ప్రోటోకాల్ ఎనలైజర్‌కు ఈ ధ్వని పరిశీలన జోడించినప్పుడు నష్టాన్ని లెక్కించడం తేలికే అయింది. వరుస సంఖ్యలో ఖాళీ ఉంటే, మనం చూస్తున్న చోటికి ఆ ప్యాకెట్ చేరలేదన్నమాట. మన హాజరుపట్టీ లెక్కే!

చిక్కంతా మౌనంతోనే. మాట ఆగితే కొన్ని ఫోన్లు ప్యాకెట్లు పంపడం మానేస్తాయి. మళ్ళీ మాట్లాడగానే టైమ్‌స్టాంప్ ముందుకు దూకుతుంది, వరుస సంఖ్య మాత్రం తప్పదు. రెండూ కలిపి చూడని పరికరం, మనిషి ఆలోచించుకోవడానికి ఆగినా లైను చెడిందంటుంది. పాపం, చీవాట్లు నెట్‌వర్క్ కుర్రాళ్ళకి! అందుకే మేం రెండింటినీ పక్కపక్కనే చూపించాం.