జ్ఞాపకము లేని వాద్యము

ఖాజాగూడలో మా ఇంట ఒక పాత అనలాగ్ సింథసైజర్ కలదు. చుట్టునున్న అద్దాల మేడలలో పనిచేయు కంప్యూటర్లు తమకు చెప్పిన ప్రతి మాటను దాచుకొనును. మా వాద్యమునకు మాత్రము జ్ఞాపకశక్తి లేదు. ఇట్టిదానిని కొనువారు మొదట తెలిసికొనవలసిన సంగతి ఇదియే.

ఇందులో తీగ లేదు, గాలితిత్తి లేదు. ఆసిలేటర్ అను విద్యుత్ వలయము కంపనమును పుట్టించును. ఫిల్టరు ఆ ధ్వనిలోని పదునును తగ్గించును. అమెరికాలో రాబర్ట్ మోగ్ 1964లో రూపొందించిన పద్ధతిలో, ఒక వోల్టు పెంచినచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. మధ్య షడ్జమము తార షడ్జమమగును. 1970లో వెలువడిన మినీమోగ్‌కు మూడు ఆసిలేటర్లు, 44 మెట్లు కలవు. ఒకసారికి ఒక్క స్వరమే పలుకును. పాశ్చాత్య సంగీతము వాయించువారికి ఇది లోటు కావచ్చును గాని, రాగము వాయించువారికి కాదు; మన వేణువు పలుకునదియు ఒక్క స్వరమే గదా! ప్రక్కనున్న చక్రమును వ్రేలితో నెట్టినచో స్వరము జారును. హార్మోనియమున దొరకని గమకము ఇచ్చట దొరకును.

వేడి మారినచో ఈ వాద్యమునకు శ్రుతి తప్పును. కావున స్విచ్చు వేసిన వెంటనే మేము వాయింపము. అరగంట వేడెక్కనిచ్చి, తంబురా నాదముతో సరిచూచుకొందుము. ఇక కుదిరిన నాదము సంగతి. ఒక్క నాబు కదలినను అది పోయినట్లే. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 మైక్రోప్రాసెసరు సాయమున 40 నాదములను దాచుకొనగలిగెను. అంతకు ముందటి వాద్యములలో చాలవాటికి ఆ సదుపాయము లేదు.

మన దేశపు అనుభవమొకటి ఇందులకు పాఠము. 1969లో అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో, అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ మోగ్ వాద్యముతో ఒక స్టూడియోను నెలకొల్పెను. గీతా సారాభాయి, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జినరాజ్ జోషిపురా అచ్చట ప్రయోగములు చేసిరి. కొలది ఏండ్లలో ఆ పని ఆగిపోయెను. అయినను టేపులు సంస్థలో మిగిలెను. బ్రిటన్ కళాకారుడు పాల్ పర్గస్ వానిని వెలికితీయగా, 2023లో కొన్ని రికార్డుగా వెలువడినవి. ఆ టేపులే లేకున్న, అంతటి కృషి పేరుకైనను మిగిలెడిది కాదు.

అందుచేత మేము ఒక నోటుపుస్తకము ఉంచుకొన్నాము. నాదము కుదిరినప్పుడు ప్రతి నాబు ఏ గుర్తుపై నున్నదో బొమ్మ గీసి, ధ్వనిని రికార్డు చేసి, తేదీ వేయుదుము. అమెరికా నుండి తెచ్చిన వాద్యము 120 వోల్టులది కావచ్చును. ట్రాన్స్‌ఫార్మరు లేక మన 230 వోల్టుల కరెంటుకు తగిలింపరాదు. ఏండ్లు గడచినకొద్దీ లోపలి కెపాసిటర్లు ఎండిపోవును. మూత విప్పు పనిని ఎరిగినవారికే వదలవలెను.

ఇంట ఇట్టి వాద్యమున్న శ్రోతలు, దానిని అమ్ముటకు గాని అటకపై పెట్టుటకు గాని ముందు, అది పలుకగల నాదములలో పదింటినైనను రికార్డు చేసి, వివరములు వ్రాసి ఉంచవలెనని మా కోరిక.