అక్కయ్య క్యాసెట్లు

(మన సంఘం వనస్థలిపురం శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఎ. బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో అనుకున్నాను. "అవి మేం చూసుకుంటాం లెండి. మీ అక్కగారికి క్యాసెట్లన్నీ చిన్న రేడియోలో ఎక్కించి పెట్టారట కదా, మా ఆవిడ చెప్పింది. ఆ సంగతి చెప్పండి" అన్నారు. నేను ఖజానా శాఖలో ముప్పైనాలుగేళ్లు బిల్లులు పాసు చేసినవాణ్ణి. ఇంజనీరును కాను, వకీలును అంతకన్నా కాను. నాకు తెలిసినంత, నేను చేసి చూసినంత మాత్రమే మనవి చేస్తాను.

మా అక్కయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. బావగారు పోయాక మా ఇంట్లోనే, ఎన్జీవోస్ కాలనీలో ఉంటోంది. ఆమెకు రెండు కళ్లకూ నీటికాసులు. కంటిలోపలి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే జబ్బు అది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడమే. నొప్పి ఉండదు కనుక చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఇక్కడ ఉన్నవాళ్లలో కంటి ఒత్తిడి చూపించుకోనివాళ్లు ఎవరైనా ఉంటే ఈ నెలలోనే చూపించుకోండి. ఇది విషయాంతరం, క్షమించాలి.

చదవడం తప్ప వేరే వ్యసనం లేని మనిషి. అచ్చు కనిపించడం మానేశాక ఆమెకు మిగిలినవి మూడు రకాలు. ఒకటి, 1980లలో, 90లలో బావగారూ ఆమే కొన్న క్యాసెట్లు. ప్రవచనాలు, హరికథలు, ఘంటసాలగారి భగవద్గీత, సినిమా సంభాషణల క్యాసెట్లు, అన్నీ కలిపి రెండు బిస్కెట్ డబ్బాలు. రెండు, తరువాత కొన్న సి.డి.లు. మూడు, అమెరికాలో ఉన్న మేనల్లుడు ఫోనులో కొనిపెట్టిన పుస్తకాలు. దాసుభాషితం వంటి తెలుగు యాప్‌లు వచ్చాక మన రచయితల పుస్తకాలు ఇలా వినే అవకాశం కలిగింది. కానీ అద్దం ఫోను ఆమెకు పనికిరాదు. వేలు ఒకచోట పెడితే అది ఇంకోచోటికి పోతుంది. ఒకసారి కథ పెట్టుకోబోయి ఎవరికో వీడియో కాల్ చేసింది. "ఒరేయ్, నాకు మీట నొక్కితే నొక్కినట్టు తెలియాలిరా. ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలవ్వాలి. ఇంకేం అక్కర్లేదు" అంది.

అడిగింది ఈ రెండే. కానీ మెమొరీ కార్డు పట్టే చిన్న రేడియోల్లో చాలావాటికి ఆ రెండోది రాదు. కట్టేసి మళ్లీ పెడితే ఆ ఫైలు మొదటికి పోతాయి. గంటంబావు ప్రవచనం ఒకే ఫైలుగా ఉంటే, మధ్యలో మందు వేసుకోవడానికి ఆపిన పాపానికి మళ్లీ మొదటినుంచి వినాలి. దీనికి నేను చేసిన ఉపాయం, పది పది నిమిషాల ముక్కలుగా కోయడం. అప్పుడు మహా అయితే పది నిమిషాలు వెనక్కి పోతాం. కొనేముందు దుకాణంలోనే ఒక ఫైలు పెట్టి, ఆపి, తిరిగి పెట్టి చూడండి. దుకాణదారు విసుక్కున్నా ఫరవాలేదు.

ముందు క్యాసెట్ల సంగతి. క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. టేపు సెకనుకు నాలుగుముప్పావు సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. దాన్ని తొందర పెట్టడానికి లేదు. తొంభై నిమిషాల క్యాసెట్టు ఎక్కించాలంటే తొంభై నిమిషాలూ అది పాడాల్సిందే. అంత ఓపిక ఎందుకని నేను మొదట డబ్బాలు రెండూ పట్టుకెళ్లి ఒక దుకాణంలో ఇచ్చాను. పేరు చెప్పను. క్యాసెట్టుకి ఇంత అని పుచ్చుకుని వారంలో పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. పని అయిపోయిందని సంబరపడ్డాను.

అక్కయ్య రెండు రోజులు విని, మూడో రోజు రేడియో కట్టేసి పక్కన పెట్టింది. బాగాలేదా అంటే బాగానే ఉందంది. చివరకు మా ఆవిడతో చెప్పింది. ఒక ప్రవచనం క్యాసెట్టు రెండోవైపు ప్రవచనం అయ్యాక కొంత టేపు ఖాళీగా ఉండేదట. కొన్న క్యాసెట్లకు పైఅంచున చిన్న రెక్కలు విరిచి ఉంటాయి, దానిమీద పొరపాటున రికార్డు కాకుండా. బావగారు ఆ కన్నానికి సెలోటేపు అంటించి, ఆ ఖాళీలో ఏదో మాట్లాడి పెట్టారట. దుకాణంవాడి సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దం రాగానే అయిపోయిందనుకుని ఆపేసింది. "వాడికేం తెలుసు పాపం" అందట అక్కయ్య. నాతో మాత్రం అనలేదు.

నేను ఆ క్యాసెట్టు కోసం డబ్బాలు కుమ్మరించాను. దొరికింది. లోపల టేపును హెడ్డుకి ఆనించి ఉంచే చిన్న దూదిమెత్త ఊడిపోయి దొర్లుతోంది. దుకాణంలో ఊడిందో, ముందే ఊడిందో చెప్పలేను. మా ఇంట్లోని టూ-ఇన్-వన్ సంగతి చూస్తే దాని రబ్బరు బెల్టు జిగురైపోయి ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్దాయన ఇంకా ఇలాంటివి బాగు చేస్తున్నాడని విని వెళ్తే కొత్త బెల్టు వేసి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోవడానికి మొహమాటపడ్డాడు కూడా. "మీరు నెలలో రెండోవారు సార్" అన్నాడు.

మిగతా సరంజామా కోసం ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. కావలసింది ఎక్కువేం లేదు. రెండు వైపులా ఇయర్‌ఫోను పిన్ను ఉండే తీగ ఒకటి, లాప్‌టాప్‌కి తగిలించే యు.ఎస్.బి. సౌండు కార్డు ఒకటి. రెండోదాని గురించి ఒక మాట. ఇప్పటి లాప్‌టాప్‌లకు తిన్నగా శబ్దం తీసుకునే కన్నం ఉండదు, మైకుకి మాత్రమే ఉంటుంది. టేప్ రికార్డరు ఇచ్చే బలమైన శబ్దాన్ని మైకు కన్నంలో పెడితే పగిలిపోయినట్టు వినిపిస్తుంది. సౌండు కార్డు కొనేటప్పుడు "లైన్ ఇన్" ఉందా అని అడిగి తీసుకోండి.

లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. 2000 సంవత్సరం నుంచీ ఉంది, ఉచితం. శబ్దం ఎంత గట్టిగా వస్తోందో గీతల్లో చూపిస్తుంది. గీతలు అంచుకు తగలకుండా చూసుకోవడమే ముఖ్యం. తగ్గితే తరువాత పెంచుకోవచ్చు గానీ, అంచులు తెగిన శబ్దాన్ని అతికించలేం.

ముందు టేప్ రికార్డరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడవాలి. మందుల షాపులో దొరుకుతుంది. క్యాసెట్టును ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి చుట్టాలి, ఏళ్ల తరబడి అంటుకున్న పొరలు వదులవుతాయి. బూజు పట్టినట్టు తెల్లగా కనిపిస్తే నడపవద్దు. ఇక బావగారి క్యాసెట్టు పెట్టెకు అయిదు చిన్న మరలు ఉన్నాయి. పనికిరాని వేరే క్యాసెట్టు ఒకటి విప్పి, దాని పెట్టెలోకి ఈ టేపు చక్రాలు రెండూ ఎత్తిపెట్టాను. ఇలా నాలుగు వాక్యాల్లో చెబుతున్నాను గానీ, ఆ పని చేస్తుంటే చేతులు వణికాయి. 1987లో ఒక తప్పుడు బిల్లు పాసు చేసి ఆడిట్‌వారి ముందు నిలబడ్డప్పుడు కూడా అంత వణకలేదు. మరలు లేకుండా అతికించేసిన క్యాసెట్లు కూడా ఉంటాయి, వాటి జోలికి పోకండి.

ఇంకొక జాగ్రత్త. ఆ కన్నానికి సెలోటేపు ఉంది కనుక పొరపాటున రికార్డు మీట నొక్కితే ఉన్నది కాస్తా చెరిగిపోతుంది. సెలోటేపు పీకేసి అప్పుడు పెట్టాను. ప్రవచనం అయిపోయింది. తరువాత బుసమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. నాలుగు నిమిషాలు అలాగే సాగింది. మా ఆవిడ కాఫీ తెచ్చి "ఇంకేం లేదేమో, కట్టేయండి" అంది. అప్పుడు వచ్చింది గొంతు. క్యాసెట్టు ఎక్కడ కొన్నారో, ఎంతకు కొన్నారో చెప్పి, "ఆమె ఇవాళ నైట్ డ్యూటీ, రేపు పొద్దున విని నవ్వుతుంది" అని, పాలవాడికి ఇవ్వాల్సిన లెక్క చదివారు. నిమిషం కూడా లేదు.

ఫైలు రేడియోలో పెట్టి అక్కయ్యకు ఇచ్చాను. విని, "పాలవాడికి మర్నాడు నేనే ఇచ్చాన్రా" అంది.

అప్పటినుంచి మిగతా క్యాసెట్లన్నీ నేనే చివరి అంగుళం దాకా నడిపి ఎక్కించాను. ఇంకెక్కడా ఏమీ లేదు.

బుస తగ్గించే సదుపాయం ఆడాసిటీలో ఉంది. మాట లేని చోటి బుసను నమూనాగా చూపిస్తే మిగతా అంతటా దాన్ని తగ్గిస్తుంది. నేను ఉత్సాహం కొద్దీ గట్టిగా తగ్గించేశాను. అక్కయ్య విని, "ఆయనేంట్రా బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నారు? ఊపిరి కూడా తీసుకోవట్లేదు" అంది. మళ్లీ మొదటికి వచ్చాను. కొంచెం బుస ఉండనివ్వడమే మంచిది.

సి.డి.లు సులువు. మామూలు పాటల సి.డి.లో శబ్దం గంటకు 600 మెగాబైట్ల పైచిలుకు చోటు తింటుంది. కంప్యూటరులో దాన్ని ఎం.పి.త్రీగా మార్చమనాలి. వేరే రకాలు కూడా చూపిస్తుంది, వాటిని చాలా చిన్న రేడియోలు చదవవు. మాటలకు సెకనుకు 64 కిలోబిట్లు చాలు. అలా చేస్తే గంటకు 29 మెగాబైట్లే పడుతుంది. 32 గిగాబైట్ల కార్డులో 1100 గంటలు పడతాయి. రాత్రింబవళ్లు ఆపకుండా విన్నా 46 రోజులు. మన వయసులో అంతకు పెద్ద కార్డు ఎందుకండీ? పైగా అంతకన్నా పెద్ద కార్డులు వేరే పద్ధతిలో తయారై వస్తాయి, పాత రేడియోలకు అవి కనపడవు.

ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు 1, 2, 3 అని కాకుండా 001, 002 అని పెట్టండి. లేకపోతే ఒకటి తరువాత పది, పదకొండు పాడి ఆ తరువాత రెండు పాడుతుంది. నవలలో హత్య చేసినవాడు ముందే తెలిసిపోతాడు. కొన్ని రేడియోలు పేరు చూడవు, ఏ వరుసలో కాపీ చేస్తే ఆ వరుసలో పాడతాయి. కాబట్టి కాపీ కూడా వరుసగానే చేయండి. ప్రతి ముక్క ముందూ మా మనవరాలు "ఫలానా పుస్తకం, ఏడో భాగం" అని తన గొంతుతో చెప్పింది. చూపు లేనివారికి ఆ ఒక్క మాట ఎంత ఉపయోగమో మాకు తరువాత తెలిసింది.

ఇక ఫోనులో కొన్న పుస్తకాలు. ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. డబ్బు పెట్టి కొన్నా, చాలా కంపెనీల ఫైలుకు తాళం ఉంటుంది. వాళ్ల యాప్‌లో తప్ప ఇంకెక్కడా పలకదు. క్యాసెట్టు కొంటే ఏ టేప్ రికార్డరులోనైనా పాడేది కదా! తాళం తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని మా మనవడన్నాడు. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే 2012లో చేర్చిన 65ఎ సెక్షను కింద శిక్ష ఉంది. మన ఉద్దేశం మంచిదే అనుకోండి, కొన్నప్పుడు ఒప్పుకున్న షరతులు ఒకటి ఉన్నాయి. నేను దాని జోలికి పోలేదు. ఫోనును చార్జింగులో పెట్టి అలమారలో ఉంచాను. అక్కయ్య మంచం పక్కన బ్లూటూత్ స్పీకరు పెట్టాను. దానిమీద గుండ్రటి మీట ఒకటుంది, నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే ఆగిన చోటినుంచే చదువుతుంది. ఆమె అడిగిన రెండూ దీనిలో అమిరాయి. పుస్తకం మార్చాలంటే మాత్రం మమ్మల్ని పిలవాలి. తాళం లేకుండా ఫైలు చేతికిచ్చే ప్రచురణకర్తలూ ఉన్నారు, కొనేముందు అడగండి.

ఇదంతా విని మిత్రులొకరు "మొత్తం నా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి" అన్నారు. మన్నించాలి, వేయలేదు. 1974లో వచ్చిన రికార్డుకి కూడా 2034 చివరిదాకా హక్కు ఉంటుంది. వోచరు లేకుండా చెల్లింపు చేయని అలవాటు నాది. అయితే అచ్చు చదవలేని వికలాంగులకు అదే చట్టంలో 2012లో ప్రత్యేక మినహాయింపు వచ్చింది. వారికోసం కాపీ చేయవచ్చు, వారితో పంచుకోవచ్చు. ఈ విషయంపై 2013లో మర్రకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది, చూపు సమస్య ఉన్నవారు అందులో సభ్యులు కావచ్చు. మన సభ్యుల ఇళ్లలో అలాంటివారు ఉంటే నాకు చెప్పండి, దరఖాస్తు నేను రాసిపెడతాను.

తీగ, సౌండు కార్డు, బాగుచేయించిన టూ-ఇన్-వన్ మన సంఘం ఆఫీసు అలమారలో పెట్టాను. తాళంచెవి కోశాధికారిగారి దగ్గర ఉంది. తీసుకెళ్లేవారు రిజిస్టరులో సంతకం చేసి, పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి.