చేసుకున్నవారికి చేసుకున్నంత: ఒక ఆంగ్ల నుడికారం



ఎవరి పనికి తగిన ఫలం వారికి దక్కినప్పుడు ఆంగ్లేయులు వాడే నుడికారం ‘జస్ట్ డిజర్ట్స్’. చిన్న మాటే. అయినా ఆంగ్లం మాతృభాషగా గలవారు సైతం దీని వర్ణక్రమంలో తరచు తడబడుతుంటారు. ఒక్క ‘ఎస్’ వ్రాయవలసిన చోట రెండు వ్రాస్తారు. రెండు వ్రాస్తే అది భోజనానంతరం వడ్డించే తీపి పదార్థం. శిక్ష కాస్తా పాయసమైపోతుంది!

ఈ పొరపాటుకు కారణం చెవి. ఫలాన్ని తెలిపే మాటకూ, తీపి పదార్థాన్ని తెలిపే మాటకూ ఉచ్చారణ ఒక్కటే. రెండింటిలోనూ ‘జర్ట్’ అనే రెండవ భాగాన్నే నొక్కి పలకాలి. ఎడారిని తెలిపే మాట ఇందుకు విపర్యయం. దాని వర్ణక్రమం ఫలాన్ని తెలిపే మాటతో పొల్లుపోకుండా సరిపోతుంది. కాని అక్కడ మొదటి భాగాన్ని నొక్కి ‘డెజర్ట్’ అనాలి.

తెలుగు బిడ్డకు ఇది విడ్డూరంగా తోచడం సహజం. ‘కల’, ‘కల్ల’ అన్నప్పుడు ద్విత్వం చెవికి స్పష్టంగా వినబడుతుంది, అర్థమూ మారుతుంది. ఆంగ్లంలో ఆ రెండవ ‘ఎస్’ కంటికే గాని చెవికి అందదు. నొక్కి పలికే చోటు మారితే మాట అర్థమే మారడం కూడా తెలుగులో లేని పద్ధతి.

మరి గుర్తుంచుకునే ఉపాయమేమి? మాట పుట్టుకను చూడడమే. ‘అర్హత కలిగియుండు’ అనే అర్థం గల ‘డిజర్వ్’ క్రియకు ఇది తోబుట్టువు. రెండూ ప్రాచీన ఫ్రెంచి నుండి వచ్చినవే. అందులో ఒక్క ‘ఎస్’ ఉన్నది గనుక ఇందులోనూ ఒక్కటే. రెండు ‘ఎస్’ల మాట, వడ్డించినవి తీసి బల్లను ఖాళీ చేయడమనే అర్థం గల ఫ్రెంచి క్రియ నుండి పుట్టినది.

ఇక వ్యాకరణం. ఇక్కడి ‘జస్ట్’ ‘కేవలం’, ‘ఇప్పుడే’ అనే క్రియావిశేషణం కాదు. ‘న్యాయమైన’ అనే విశేషణం. ‘డిజర్ట్స్’ నామవాచకం, ఈ నుడికారంలో సాధారణంగా బహువచనంగానే ఉంటుంది. ‘ది థీఫ్ గాట్ హిస్ జస్ట్ డిజర్ట్స్’ అంటే దొంగకు తగిన శాస్తి జరిగిందని భావం. ఈ మాట మొదట మంచి ఫలానికీ, చెడు ఫలానికీ చెల్లినా, నేడు ఎక్కువగా శిక్షకే వాడుకలో ఉన్నది. తెలుగువారి ‘చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా’ అన్న సామెత తెలిసిన విద్యార్థికి దీని భావం వేరే బోధించనక్కరలేదు.

తెలుగు మాధ్యమంలో చదివితే ఆంగ్లం పట్టుబడదేమోనని దిగులుపడే తల్లిదండ్రులు ఈ సంగతిని గమనించాలి. మాతృభాషలో సామెత, ద్విత్వం, విశేషణం తెలిసిన బిడ్డ పరభాషలోని భేదాన్ని పోల్చి తెలుసుకోగలుగుతాడు. రెండు భాషలను పక్కపక్కన నిలిపి చూడడం ఈ నగరానికి కొత్త కాదు. తెలుగు పండితుల తోడ్పాటుతో ఏళ్ల తరబడి శ్రమించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది ఈ మద్రాసులోనే.

షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకంలో, వచ్చిన నటులను వారి అర్హత మేరకు ఆదరిస్తానంటాడు పొలోనియస్. అక్కడ వినిపించేది ఈ ‘డిజర్ట్’ అన్న మాటే. హామ్లెట్ అందుకు ఒప్పుకోక, అంతకంటె మిన్నగా ఆదరించమంటాడు. ఒక ‘ఎస్’ ఎక్కువ వ్రాసిన పసివానికి దక్కవలసినది ఎర్రసిరా గీత ఒక్కటే కాదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో పక్కన కూర్చోబెట్టుకొని చెప్పే ఓర్పు ఇంట తల్లిదండ్రులకు, బడిలో ఉపాధ్యాయులకు ఉండాలి. అట్లు నేర్చిన బిడ్డ మరునాడు ఆ మాటను సరిగా వ్రాస్తాడు. తెలియని మరో మాటను అడగడానికి జంకడు.